మొత్తం మారరాదు

కందాళ నరోత్తానికి తన తెలివి మీద గొప్ప నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇంట్లో భార్య సువర్చల, ఆఫీసులో ప్రింటరు తప్ప ఇంకెవరూ ఎన్నడూ ప్రశ్నించలేదు. అతను రాష్ట్ర పశుగణ సమాచార మండలిలో డేటాబేస్ వ్యవహారాలు చూసే ఉద్యోగి. రాష్ట్రంలో ఏ ఊళ్ళో ఏ ఆవు ఉంది, ఏ గేదె ఎన్ని పాలిస్తుంది, ఏ మేక ఎవరిది, అన్నీ చెవి ట్యాగు నంబర్లతో సహా ఆ డేటాబేస్‌లో ఉంటాయి. పశువుకో వరస. అన్ని కోట్ల వరసలు తన చేతికింద ఉన్నాయన్న ఠీవి అతని నడకలో కనబడుతూ ఉండేది.

"మంద వెనకాల నడిచేవాళ్ళ నడకే అది" అంది సువర్చల ఒకసారి. ఆమె బడిలో తెలుగు చెబుతుంది. మాట తూచి వాడుతుంది.

అంతటి నరోత్తం పరువు ఒక ప్రారంభోత్సవంలో పోయింది.

మండలి కొత్తగా తయారు చేయించిన డ్యాష్‌బోర్డును ఆ రోజు మంత్రిగారు ఆవిష్కరించారు. గోడంత తెర మీద మూడు బొత్తాలు: మొత్తం, సగటు, గరిష్ఠం. మొదటిది నొక్కితే రాష్ట్రంలో పశువులెన్నో చెబుతుంది. రెండోది, తలకు సగటున ఎన్ని లీటర్ల పాలో చెబుతుంది. మూడోది, అందరికన్నా ఎక్కువ పాలిచ్చే పశువు ఏదో చూపిస్తుంది. పక్క రాష్ట్రం నుంచి వచ్చిన అధికారుల బృందం ముందు వరసలో కూర్చుని ఉంది.

"ఈ క్షణాన మన రాష్ట్రంలో ఎన్ని పశువులున్నాయో చూడండి" అని మంత్రిగారు మైకులో చెప్పి, మొదటి బొత్తం నొక్కారు.

తెర మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. మంత్రిగారు చిరునవ్వు నవ్వారు. చక్రం తిరిగింది. సమోసాలు వచ్చాయి. చక్రం తిరుగుతూనే ఉంది. సమోసాలు తినడమైంది, చట్నీ గిన్నెలు తీసుకుపోవడమైంది, టీ వచ్చింది. పక్క రాష్ట్రపు అధికారి ఒకాయన మర్యాద తెలిసిన మనిషి కాబట్టి, "మీ దగ్గర పశుసంపద బాగా ఎక్కువలా ఉందండీ" అన్నాడు.

"చాలా ఎక్కువండీ" అన్నారు మంత్రిగారు. ఆ తర్వాత మైకు పక్కకు తిప్పాననుకుని, తిప్పకుండా, "ఆ కంప్యూటరు ముందు కూర్చున్న శాల్తీ ఎవడయ్యా?" అన్నారు.

హాలంతా నరోత్తం వైపు చూసింది. అతను తెర వైపు చూశాడు, అక్కడున్న చక్రం ఇంకెవరో రాసిన ప్రోగ్రాము తాలూకుది అన్నట్టు.

మర్నాడు కమిషనర్ ప్రద్యుమ్నగారి గదిలో సమావేశం. ప్రద్యుమ్నగారు కొత్తగా వచ్చిన యువకుడు. త్వరగా ఏదో ఒకటి చేసి త్వరగా ఇంకో శాఖకు వెళ్ళిపోవాలన్న ఆశయం ఉన్నవాడు. ఆయన పక్కన జాయింట్ డైరెక్టర్ గుణాకరరావు. మండలిలో వెలువడే ప్రతి సర్క్యులరూ ఆయన చేతి మీదుగా వెళ్ళాల్సిందే. ఇంట్లో కాఫీ అడగాలన్నా ఆయన మాటల్లో 'తక్షణమే', 'తగు చర్య నిమిత్తం' అన్నవి ఉంటాయని ప్రతీతి.

"మొత్తం చెప్పడానికి ఎందుకంతసేపు?" అని అడిగారు కమిషనర్.

నరోత్తం గొంతు సవరించుకున్నాడు. తనకు తెలిసినదాన్ని తెలియనివాళ్ళకు చెప్పడమంటే అతనికి పాయసం తాగినంత ఇష్టం.

"అడిగినప్పుడల్లా యంత్రం మొదటి ఆవు దగ్గర మొదలుపెట్టి చివరి మేక దాకా ప్రతిదాన్నీ తాకి రావాలి సార్. మళ్ళీ అడిగితే మళ్ళీ మొదటి ఆవే."

"ఇందాక లెక్కపెట్టింది గుర్తుండదా?"

"గుర్తు పెట్టుకోవచ్చు సార్. కాని ఈలోపు ఒకటి పుడుతుంది, ఒకటి చస్తుంది. పశువులు కదలకుండా ఉంటే ఏముంది, ఒక్కసారి లెక్కపెట్టి గోడ మీద రాసిపెట్టుకోవచ్చు!" అన్నాడు. చమత్కారంగా చెప్పాననుకుని తనే నవ్వాడు. ఆ నవ్వులోనే, "కదులుతున్నాయి కాబట్టి మండలానికో చిన్న లెక్క విడిగా పెట్టి, పుడితే ఒకటి కలిపి, పోతే ఒకటి తీసేసి, ఆ చిన్న లెక్కల్నే కూడితే..." అంటూ అసలు సంగతి చెప్పాడు. అది ఎవరికీ వినబడలేదు. గుణాకరరావు అప్పటికే కళ్ళు మూసుకుని సర్క్యులరు భాషలోకి వెళ్ళిపోయారు.

"కదలకుండా ఉండవలెను" అన్నారాయన, కళ్ళు తెరిచి. "బాగున్నది. చాలా బాగున్నది."

ఆ సాయంత్రానికి సర్క్యులరు వెలువడింది. "మొత్తము యొక్క స్థిరత్వమును కాపాడు నిమిత్తము, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు పశువుల జనన, మరణ, క్రయవిక్రయముల నమోదును నిలుపుదల చేయడమైనది. మొత్తము మారరాదు. ఈ కాలమున సంభవించు జననములను క్షేత్రస్థాయి సిబ్బంది ఎట్టి పరిస్థితులలోను ప్రోత్సహించరాదు."

నరోత్తం అది చదివి ముందు ఉలిక్కిపడ్డాడు. ఎవరికైనా చెప్పాలనుకుని లేచాడు కూడా. కాని అంతలో కమిషనర్ గదిలోంచి పిలుపొచ్చింది. మంత్రిగారు స్వయంగా వచ్చి బొత్తం నొక్కుతున్నారు. నొక్కారు. కంటిరెప్ప వాలే లోపల, ముందే ఒకసారి లెక్కపెట్టి దాచిన అంకె తెర మీద నిలబడింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే అంకె. మంత్రిగారు చిన్నపిల్లాడిలా ఇంకో నాలుగైదు సార్లు నొక్కి, "ఇదయ్యా వేగమంటే!" అని నరోత్తం భుజం తట్టారు. మండలి తరఫున అతనికి శాలువా కప్పారు. ఇలాంటి సమయంలో సర్క్యులరు సంగతి ఎత్తడం సభామర్యాద కాదనిపించి, నరోత్తం ఊరుకున్నాడు.

ఇంటికెళ్ళి శాలువా తీయకుండానే అన్నం తిన్నాడు.

"మరి ఇప్పుడు పుట్టినవాటి సంగతేంటి?" అంది సువర్చల, అంతా విని.

"తాత్కాలికం."

"పుట్టడమా?"

"ఆపడం. నీకు సాంకేతిక విషయాలు అర్థం కావులే."

"నిజమే. నాకు చావుపుట్టుకలు తప్ప ఏమీ అర్థం కావు" అని ఆమె మజ్జిగ పోసింది.

వేగం రుచి మరిగిన మంత్రిగారికి రెండో బొత్తం గుర్తొచ్చింది. సగటు నొక్కారు. చక్రం తిరిగింది. పశువు పశువుకీ పాలు తేడా కదా, అన్నిటినీ కూడి, తలల సంఖ్యతో భాగించి చెప్పేసరికి ఆయన కారెక్కి వెళ్ళిపోయారు. మళ్ళీ సమావేశం.

నరోత్తం ఈసారి నోరు జాగ్రత్తగా పెట్టుకోవాలనుకునే గదిలోకి వెళ్ళాడు. కాని గదిలో తనకన్నా తక్కువ తెలిసినవాళ్ళు ఇద్దరు కూర్చుని ఉంటే అది అతని వల్ల అయ్యే పని కాదు.

"తేడాలుంటేనే కదా సార్ సగటు తియ్యాల్సిన అవసరం. అన్నీ ఒకేలా ఉంటే ఏ ఒక్కదాన్ని చూసినా చాలు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకు చూడమా?"

గుణాకరరావు ముఖం వెలిగింది. "అనగా, జాప్యమునకు మూలము తేడాలే."

"అలా అని కాదండీ..."

"తేడాలను తొలగించవలెను" అన్నారు గుణాకరరావు.

రెండో సర్క్యులరు వచ్చింది. రాష్ట్రంలో ప్రతి పశువూ రోజుకు నాలుగు లీటర్ల పాలిచ్చునట్లుగా నమోదు చేయవలెను. ఒక జిల్లా అధికారి ఫోను చేసి, "ఎద్దులక్కూడానా అండీ?" అని అడిగాడు. "ఎద్దులకు మినహాయింపు ఇచ్చిన పక్షమున సగటు వేగము దెబ్బతినును" అని గుణాకరరావు రాతపూర్వకంగా జవాబిచ్చారు. మేకపోతులు సైతం నాలుగేసి లీటర్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. సగటు బొత్తం ఇప్పుడు ఒక్క వరస చూసి జవాబు చెప్పేస్తోంది. దేశంలోనే ఇంత వేగంగా సగటు తీసే రాష్ట్రం మరొకటి లేదని కమిషనర్ ఒక సదస్సులో చెప్పి వచ్చారు. అది అబద్ధం కాదు.

మూడో బొత్తం దగ్గర చిన్న చిక్కొచ్చింది. అన్నీ నాలుగు లీటర్లయ్యాక గరిష్ఠం కూడా నాలుగే అయింది. మంత్రిగారికి అది రాష్ట్ర ప్రతిష్ఠకు లోటుగా తోచింది. అందుచేత, పూర్వం రోజుకు ఇరవై ఆరు లీటర్లిచ్చి పత్రికలకెక్కిన రాజేశ్వరి అనే గేదెకు మాత్రం ప్రత్యేక మినహాయింపు ఇచ్చి, దాని వరసను వేరుగా పైన పెట్టారు. ఇప్పుడు గరిష్ఠాన్ని వెతకక్కర్లేదు. ఎప్పుడడిగినా రాజేశ్వరే. అయితే రాజేశ్వరి ఆ నెలలోనే కాలం చేసింది. దాని యజమాని ఆ సంగతి తెలియజేస్తే, "తమ విజ్ఞాపనను పరిశీలించిన మీదట, సదరు మరణమును ప్రస్తుతమునకు ఆమోదించుటకు వీలుపడదని తెలియజేయడమైనది" అని మండలి జవాబు రాసింది.

నరోత్తానికి ఇవన్నీ తెలుసు. మొదట్లో లోపల ఏదో పొడుచుకునేది. తర్వాత అలవాటైంది. వరసల్ని చూస్తే పశువులు కనిపించవు, వరసలే కనిపిస్తాయి. పైగా అతన్నిప్పుడు మండలిలో 'వేగం నరోత్తం' అంటున్నారు. ఆ పేరు వెనకాల వినబడినప్పుడల్లా అతను నడక నెమ్మది చేసి, రెండోసారి వినబడేదాకా ఆగేవాడు.

ఇలా ఉండగా ఒక ఉదయం ఒక ట్రాలీ ఆటో మండలి గుమ్మం ముందు ఆగింది. అందులోంచి ఒక పెద్దావిడ దిగింది. ఆవిడ వెనక, ఆవిడ చెంగు పట్టుకుని, ఐదారు నెలల గేదె దూడ ఒకటి దిగింది. చెంగు పట్టుకోవడమంటే నోట్లో పెట్టుకుని నములుతూ.

ఆవిడ పేరు చెంచమ్మ. గుండ్లకమ్మ ఒడ్డున ఓ చిన్న ఊరు. ఒక గేదె పాడి మీద బతుకుతోంది. కాపలా మనిషి అడ్డుకునేలోగా ఆవిడా దూడా వరండా దాటి, సమావేశం ముగించుకుని వస్తున్న గుణాకరరావుకీ నరోత్తానికీ ఎదురయ్యారు.

"ఏందయ్యా ఇదీ? నా పడ్డదూడ కళ్ళెదురుగా నిలబడి మేత మేస్తంటే పుట్టలేదంటారేంది?" అంది చెంచమ్మ. "మా ఊళ్ళో గాలికుంటు దిగింది. మా పక్కింటి కోటయ్యోళ్ళ దూడ నోటెంట చొంగ కార్చుకుంటా తెల్లారేపాటికి పడిపొయ్యింది. సూదెయ్యమని పశువులాసుపత్రికి పోతే కాంపౌండరు నంబరేదంటాడు. నంబరెయ్యమంటే, ఇప్పుడు పుట్టుకలు లేవంటాడు. పుట్టకుండానే ఇది ఇన్నాళ్ళూ నా బర్రె పాలు తాగిందా?"

"నంబరు లేని పశువుకు టీకా వేసిన యెడల, వేసిన టీకాలకును, ఉన్న పశువులకును పొంతన కుదరదు" అన్నారు గుణాకరరావు ఓపిగ్గా. "మొత్తము మారరాదమ్మా."

"ఎవురి మొత్తం?"

"రాష్ట్రము మొత్తము. అయినను జత విధానము ఒకటి పరిశీలనలో ఉన్నది. తమరు ఒక మరణమును సమర్పించిన పక్షమున, దానికి జతగా ఒక జననమును అనుమతించవచ్చును."

చెంచమ్మకు అది అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిడ గొంతు తగ్గిపోయింది. "అంటే... నా బర్రెను చంపమంటారా అయ్యా?"

"చంపమని మండలి ఎక్కడను చెప్పలేదు. మరణమును సమర్పించమన్నది" అని గుణాకరరావు వెళ్ళిపోబోయారు. వెళ్ళలేకపోయారు. దూడ ఆయన చంకలోని ఫైలు తాడును సగం దాకా మింగేసింది. నరోత్తం దాని దవడ పట్టుకుని తాడు బయటికి లాగాల్సి వచ్చింది. అలా లాగుతున్నప్పుడు అది ఒక్కసారి అతని మణికట్టును గరుకు నాలుకతో నాకింది.

నరోత్తం తన ఉద్యోగంలో ఒక పశువును ముట్టుకోవడం అదే మొదలు. వెచ్చగా ఉంది. అతను చొక్కాకు చెయ్యి తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయాడు.

"మీరు కూర్చోండమ్మా" అన్నాడు చెంచమ్మతో. "చూస్తాను."

అతనికి మొదట తట్టిన మార్గం న్యాయంగానే ఉంది. రాజేశ్వరి చనిపోయింది కదా, దాన్ని తీసేసి దీన్ని చేరిస్తే మొత్తం మారదు. గుణాకరరావు దగ్గరికెళ్ళి అడిగాడు.

"రాజేశ్వరిని తొలగించిన యెడల గరిష్ఠము ఏమగును?" అన్నారాయన.

నరోత్తం తన కుర్చీకి తిరిగొచ్చి ఆలోచించాడు. పుట్టుకలు లేవు, చావులు లేవు, అమ్మకాలు లేవు. కాని చెవి ట్యాగు ఊడిపోతే అదే నంబరుతో కొత్త ట్యాగు ఇవ్వవచ్చు. యజమాని పేరులో, చిరునామాలో తప్పుంటే సవరించవచ్చు. ఆ రెండిటినీ ఆపడం గుణాకరరావు మరిచిపోయారు. ఒక పూటలో రాజేశ్వరి యజమాని పేరు చెంచమ్మ అయింది, చిరునామా గుండ్లకమ్మ ఒడ్డుకు మారింది. దాని కొత్త ట్యాగు చెంచమ్మ చేతిలో పడింది.

"ఇది కుట్టించండి. సూది వేస్తారు" అన్నాడు నరోత్తం. "ఎవరైనా అడిగితే దీని పేరు రాజేశ్వరి."

"పేరుదేముందయ్యా, బతికుంటే పిలుచుకోవచ్చు" అని చెంచమ్మ అతని రెండు చేతులూ పట్టుకుంది. దూడను ఆటో ఎక్కించుకుని వెళ్ళిపోయింది. వారం తిరక్కుండానే ఫోను చేసింది. సూది పడింది. మొత్తం మారలేదు, సగటు మారలేదు, గరిష్ఠం మారలేదు, దూడ బతికింది. తన తెలివికి నరోత్తం తానే మురిసిపోయి, సువర్చలకు రెండుసార్లు చెప్పాడు.

"అంటే ఆ దూడ వయసిప్పుడు పదకొండేళ్ళా?" అంది సువర్చల.

"కాగితం మీద."

"రోజుకు ఇరవై ఆరు లీటర్లా?"

"అది కూడా కాగితం మీదే."

"కాగితం మీదున్నదాన్ని ఎవరూ పిలవకుండా ఉంటే బాగుణ్ణు" అంది ఆమె.

పిలిచారు. రైతు సభలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ పాలిచ్చే పశువును సత్కరించాలని మంత్రిగారికి బుద్ధి పుట్టింది. గరిష్ఠం బొత్తం నొక్కితే రెప్ప వాలే లోపల చెంచమ్మ పేరు, ఊరు, ఫోను నంబరు వచ్చేశాయి. వేగం పుణ్యమా అని ఆహ్వానం కూడా అప్పటికప్పుడే వెళ్ళిపోయింది.

నరోత్తం అప్పటికప్పుడే కుర్చీలోంచి లేచాడు. గుణాకరరావు దగ్గరికెళ్ళి, "ఆ గేదె ప్రయాణం చెయ్యలేదండీ" అన్నాడు. "వాహనము ఏర్పాటు చేయబడును" అన్నారాయన. "దానికి ఒంట్లో బాగుండదండీ." "పశువైద్యుడు వెంట ఉండును."

ఇక దిక్కుతోచక, నరోత్తం మొదటిరోజే చెయ్యాల్సిన పని చేశాడు. ఒక మధ్యాహ్నం భోజనానికి లేవకుండా కూర్చుని, మండలానికో చిన్న లెక్క విడిగా పెట్టాడు. తలలెన్ని, పాలెన్ని, అందులో ఎక్కువిచ్చేది ఏది. ఒకటి పుడితే ఆ మండలం లెక్కలో ఒకటి కలుస్తుంది. ఒకటి పోతే ఒకటి తగ్గుతుంది. రాష్ట్రం మొత్తం కావాలంటే కోట్ల పశువుల్ని తాకనక్కర్లేదు, మండలాల లెక్కలు కూడితే చాలు. సగటు, గరిష్ఠం కూడా అంతే. నొక్కి చూశాడు. జవాబు వెంటనే వచ్చింది. ఇందులో గొప్ప తెలివేమీ లేదు. ఈ పనిలో ఉన్న ఎవరైనా చేసేదే. ఇంత చిన్న పని చెయ్యడానికి అతనికి నెలలు పట్టాయంటే, మధ్యలో ఆ మెతుకుల ఉపమానాలూ గోడల చమత్కారాలూ అడ్డొచ్చాయి మరి.

కమిషనర్ దగ్గరికి పరుగెత్తాడు. "సార్, కొత్త పద్ధతి. ఇంతే వేగం. పుట్టుకలూ చావులూ తెరిచేయొచ్చు. పాలు కూడా ఉన్నవున్నట్టు రాసుకోవచ్చు."

"ఇప్పుడున్న వేగం చాలట్లేదా?" అన్నారు ప్రద్యుమ్నగారు.

"వేగం అదే సార్. లెక్క నిజమవుతుంది."

కమిషనర్ ముందున్న ఫైలు మూసి పక్కన పెట్టారు. "మరి ఇన్నాళ్ళూ ఉన్నది?" అని అడగబోయి, అడగకూడని ప్రశ్న అని తెలిసినవాడు కాబట్టి, "సభ అయ్యాక చూద్దాం" అన్నారు.

సభ రోజు మైదానం రైతులతో కిటకిటలాడింది. వేదిక మీద పూలదండ, పట్టుగుడ్డ, తళతళలాడే స్టీలు బకెట్టు సిద్ధంగా ఉన్నాయి. మంత్రిగారు స్వయంగా నాలుగు ధారలు పితికితే ఫొటో తియ్యాలని ఏర్పాటు. గుణాకరరావు మైకు ముందు నిలబడి చదువుతున్నారు:

"పదకొండేళ్ళ వయస్సు, ఆరు ఈతలు, దినమునకు ఇరవై ఆరు లీటర్ల దిగుబడి కలిగి, రాష్ట్ర గరిష్ఠముగా నెలకొన్న రాజేశ్వరిని వేదిక మీదకు సవినయముగా ఆహ్వానించుచున్నాము!"

మెట్లెక్కి దూడ వచ్చింది. వెనక చెంచమ్మ. చెవికి వేలాడుతున్న ట్యాగు దాని ముఖంలో సగం ఉంది. పూలదండ వేస్తే దానికి మోకాళ్ళ దాకా వచ్చింది. అది తల వంచి, దండలోని బంతిపూలు ఒక్కొక్కటే తినసాగింది.

వెనక వరసలవాళ్ళు లేచి నిలబడి చూశారు. వేదిక పక్కన నిలబడ్డ నరోత్తం భూమి చీలాలని కోరుకున్నాడు. భూమి కూడా తదుపరి ఉత్తర్వుల కోసం చూస్తున్నట్టు కదల్లేదు.

గుణాకరరావు కాగితం వైపు చూశారు, దూడ వైపు చూశారు. కాగితాన్నే నమ్మారు. మంత్రిగారి చెవి దగ్గరకు వంగి, "పొట్టి జాతి, సార్" అన్నారు.

మంత్రిగారు బకెట్టు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆయన రాజకీయాల్లోకి రాకముందు పాడి ఉన్న ఇంట్లో పెరిగిన మనిషి. "ఏమ్మా" అన్నారు చెంచమ్మతో, నెమ్మదిగా, "ఇది ఎన్ని లీటర్లిస్తుంది?"

"ఇచ్చేది కాదు సామీ" అంది చెంచమ్మ. "ఇది తాగేది."

మైకు తెరిచే ఉంది. ముందు వరసలో ఎవరో ఫక్కుమన్నారు. నవ్వు మైదానం చివరిదాకా పాకింది. ఆ నవ్వులోంచి ఒక గొంతు లేచింది: "మా దూడలు రెండూ పుట్టలేదంటన్నారయ్యా!" ఇంకో మూల నుంచి: "చచ్చిన మా ఎద్దు రోజూ నాలుగు లీటర్లిస్తందంట!" "మా ఆవు పదిచ్చుద్ది, నాలుగే రాశారు, మిగతా ఆరూ ఏవన్నట్టు?" "సూదుల్లేక మాయి మూడు పొయ్యినయ్యి సామీ." ఆ చివరి గొంతు దగ్గర నవ్వు ఆగిపోయింది.

మంత్రిగారు కమిషనర్ వైపు చూశారు. కమిషనర్ గుణాకరరావు వైపు చూశారు. గుణాకరరావు, పద్ధతి ప్రకారం, నరోత్తం వైపు చూశారు. నరోత్తం తన వెనక్కి చూశాడు. అక్కడ షామియానా గుంజ తప్ప ఎవరూ లేరు.

అతను మెట్లెక్కాడు. నోటికి రెండు మంచి ఉపమానాలు వచ్చాయి. పళ్ళ బిగువున ఆపుకున్నాడు. "లెక్క త్వరగా రావాలంటే పశువుల్ని ఆపక్కర్లేదండీ. పుట్టినవి పుట్టినట్టు, పోయినవి పోయినట్టు రాసుకోవచ్చు. పద్ధతి సిద్ధంగా ఉంది."

"ఎంతకాలం పడుతుంది?"

"అయిపోయిందండీ. తెరవడమే."

"మరి ఎందుకు తెరవలేదయ్యా?"

"సభ అయ్యాక చూద్దామన్నారండి."

"సభ అయిపోయింది" అన్నారు మంత్రిగారు. బకెట్టు కింద పెట్టేశారు.

ఆ మధ్యాహ్నమే నమోదులు తెరిచారు. రాష్ట్రం నలుమూలల నుంచి ఆగిపోయిన పుట్టుకలూ చావులూ వరదలా వచ్చి పడ్డాయి. ఊరూరా టీకాల పెట్టెలు తెరిచారు. రాజేశ్వరి అధికారికంగా కన్నుమూసింది. చెంచమ్మ పడ్డకు సొంత నంబరు వచ్చింది. ఎద్దులు పాలివ్వడం మానేశాయి. నరోత్తం తెర ముందు కూర్చుని చూస్తుండగా మొత్తం పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. అంకె ఒకటి పెరిగినప్పుడల్లా ఎక్కడో ఒక దూడ తడికాళ్ళ మీద లేచి నిలబడినట్టు అనిపించి, అతను భోజనం సంగతి మరిచిపోయి అలాగే కూర్చున్నాడు. తగ్గినప్పుడు మాత్రం, కోటయ్య ఇంటిదేమోనని ఒక్క క్షణం చూపు దించుకున్నాడు.

మండలి కూడా ఊరుకోలేదు. మంజూరు లేకుండా భోజన విరామంలో విధులు నిర్వర్తించినందుకు నరోత్తానికి సంజాయిషీ మెమో వచ్చింది. వేగ సాధనలో చూపిన దూరదృష్టికి గుణాకరరావుకు ప్రశంసాపత్రం వచ్చింది. ప్రద్యుమ్నగారికి ఇంకో శాఖ వచ్చింది. వెళ్తూ వెళ్తూ ఆయన నరోత్తంతో కరచాలనం చేసి, "ఆ శాఖలో లెక్కపెట్టాల్సినవేవీ లేవట" అన్నారు, తేలిగ్గా ఊపిరి పీలుస్తూ.

నెల తిరక్కుండానే గుణాకరరావు మళ్ళీ కబురు చేశారు. మంత్రిగారు ఏదో సభలో తెర చూసి మొత్తాన్ని చదవబోయారట. కోట్లు పలికి, లక్షలు పలికి, వేలకొచ్చేసరికి వెనక అంకె మారిపోయిందట. మళ్ళీ మొదట్నుంచి చదివితే మళ్ళీ మారిందట.

"అంకె నిలకడగా లేదు" అన్నారు గుణాకరరావు. "వేగము మితిమీరినది. సముచిత రీతిని తగ్గించవలెను."

నరోత్తం ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఈ సంగతి చెబితే సువర్చల గరిటె పట్టుకునే నవ్వింది.

"మరి ఏం చేశారు?"

"ఊళ్ళల్లో వేగం ముట్టుకోలేదు. మంత్రిగారి తెరకు మాత్రం ఒక తెరిపి పెట్టాను. ఆయన బొత్తం నొక్కితే, అంకె చదివి, గుక్కెడు నీళ్ళు తాగేదాకా అది కదలదు."

"దాన్నేమంటారు మీ భాషలో?"

నరోత్తం ఆలోచించాడు. చెప్పడానికి మంచి ఉపమానం ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది.

"మర్యాద" అన్నాడు.